గులాబీ రంగు షాంపేన్: ఏ వేళకు ఏ సీసా

వచ్చే డిసెంబరుతో మా అక్కకూ బావగారికీ పెళ్లై పాతికేళ్లు నిండుతాయి. ఆ సాయంత్రం మారేడుపల్లిలో వాళ్లింటి డాబా మీద బంధువులం, స్నేహితులం కలుసుకోవాలని నిశ్చయించుకున్నాం. నగలూ చీరలూ ఏమీ వద్దని, వచ్చినవాళ్ల చేతుల్లో గులాబీ రంగు షాంపేన్ ఉంటే తనకు అదే పండగని అక్క చెప్పింది. ఏ సీసాలు తేవాలో తేల్చే పని నాకు అప్పగించింది. వైన్ గురించి కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుకుంటూ, వీలు దొరికినప్పుడల్లా రుచి చూస్తూ వస్తున్నదాన్ని కనుక ఈ బాధ్యత నాకు చాలా సంతోషాన్నిచ్చింది. ఇలాంటి వేడుకకే సీసా వెతుక్కుంటున్నవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో, నేను ఏమేం ఆలోచించానో ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గులాబీ షాంపేన్ కొనేటప్పుడు మనం మొదట రంగును చూస్తాం, తరువాత పేరును, ఆపైన ధరను చూస్తాం. వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ సీసాను సాయంత్రంలో ఏ వేళకు తెరుస్తాం, అప్పుడు పళ్లెంలో ఏముంటుంది అన్నది. అది తేలితే సగం ఎంపిక పూర్తయినట్టే.

హైదరాబాదులో నేను చూసిన వేడుకల్లో ఎక్కువగా షాంపేన్ సీసాను కేకు కోసే సమయానికి తెరుస్తారు. కొవ్వొత్తులు ఆర్పడం, చప్పట్లు కొట్టడం, నోట్లో కేకు ముక్క పెట్టడం, ఆ వెంటనే చేతికి గ్లాసు అందించడం ఆనవాయితీ. మన దుకాణాల్లో దొరికే షాంపేన్‌లో అధిక భాగం బ్రూట్ రకానిది. అంటే లీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ చక్కెర ఉన్నది. క్రీము, చక్కెర నిండిన కేకు తిన్న నాలుకకు ఆ కొద్దిపాటి తీపి అందనే అందదు. పులుపు ఒక్కటే మిగులుతుంది, పండ్ల వాసన పలచబడిపోతుంది. అతిథులు మర్యాదకు రెండు గుక్కలు తాగి గ్లాసును పక్కన పెడతారు, షాంపేన్ అంటే పుల్లగా ఉంటుందన్న అభిప్రాయంతో ఇంటికి వెళతారు. ఎంతో శ్రమతో తయారైన వైన్‌కు ఇలా అన్యాయం జరగడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అదే సీసాను గంటన్నర ముందు, అతిథులు వస్తున్నప్పుడు, వేడివేడి లుఖ్మీలతో పాటు అందించి ఉంటే వాళ్లే రెండో గ్లాసు అడిగేవారు.

అందుచేత సీసా మీద రాసి ఉండే తీపి కొలతను చదవడం తెలిసి ఉండాలి. లీటరుకు 6 గ్రాముల వరకు చక్కెర ఉంటే ఎక్స్‌ట్రా బ్రూట్ అంటారు. 12 గ్రాముల లోపు ఉన్నది బ్రూట్. 12 నుంచి 17 వరకు ఎక్స్‌ట్రా డ్రై; పేరును బట్టి ఇది బ్రూట్ కంటే తీపి తక్కువదని చాలామంది అనుకుంటారు కానీ నిజానికి ఇదే కాస్త తియ్యనిది. 17 నుంచి 32 వరకు సెక్, 32 నుంచి 50 వరకు డెమీ సెక్. కేకుతోనో, డబుల్ కా మీఠాతోనో, ఖుబానీ కా మీఠాతోనో గులాబీ షాంపేన్ తాగాలన్న కోరిక ఉంటే డెమీ సెక్ రోజే (గులాబీ రంగు వైన్‌ను ఫ్రెంచిలో ‘రోజే’ అంటారు) తప్ప మరొకటి ఆ తీపి ముందు నిలవదు. మోయెట్ ఎ షాందోన్ అనే షాంపేన్ సంస్థ వారి నెక్టార్ ఇంపీరియల్ రోజే ఆ కోవకు చెందినదే. తీపి షాంపేన్‌ను తక్కువగా చూసేవారు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. దాని వేళకు దాన్ని వడ్డిస్తే అది చక్కని పానీయం.

రంగు గాఢతకూ తీపికీ సంబంధం లేదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముదురు గులాబీ రంగు చూసి తియ్యగా ఉంటుందనీ, ఉల్లిపొర రంగు చూసి చప్పగా ఉంటుందనీ ఊహించుకోవడం సహజం. రంగు ద్రాక్ష తొక్క నుంచి వస్తుంది. తీపిని మాత్రం తయారీ చివర్లో, సీసాలో మిగిలిన ఈస్ట్ మడ్డిని తీసివేసిన తరువాత, కొలిచి కలుపుతారు. రెండూ వేర్వేరు దశల్లో జరిగే పనులు.

రంగు ఎలా వచ్చిందో తెలుసుకుంటే మాత్రం ఎంపికకు నిజంగా ఉపయోగం ఉంటుంది. ఫ్రాన్సుకు ఈశాన్యాన, రాంస్, ఎపెర్నే పట్టణాల చుట్టూ ఉన్న షాంపేన్ ప్రాంతంలో ముఖ్యంగా పండేవి మూడు ద్రాక్షలు: పినో న్వార్, మ్యూనియే, షార్డొనే. మొదటి రెండూ నల్ల ద్రాక్షలే అయినా వాటి రసం తెల్లగానే ఉంటుంది, అందుకే నల్ల ద్రాక్ష నుంచి కూడా తెల్ల షాంపేన్ వస్తుంది. గులాబీ రంగు రావాలంటే రెండు దారులున్నాయి. తెల్ల వైన్‌లో అదే ప్రాంతపు ఎర్ర వైన్‌ను కొంత, సాధారణంగా ఐదు నుంచి ఇరవై శాతం దాకా, కలపడం ఒకటి. నల్ల ద్రాక్ష రసాన్ని తొక్కలతో పాటు కొంతసేపు నాననిచ్చి, కావలసిన రంగు దిగగానే వడకట్టడం రెండోది. ఏ దారిన వచ్చినా ఆ తరువాత వైన్‌ను ఈస్ట్, చక్కెరలతో సీసాలో పోసి మూసివేస్తారు, అది సీసాలోనే రెండోసారి పులిసి బుడగలను తయారు చేసుకుంటుంది. ఏ సంవత్సరపు పంటో పేర్కొనని షాంపేన్‌ను కనీసం 15 నెలలు, సంవత్సరం పేర్కొన్నదాన్ని కనీసం మూడేళ్లు నిల్వ ఉంచిన తరువాతే అమ్మాలని అక్కడి నియమం.

ఈ రెండు పద్ధతుల వెనుక మంచి చరిత్ర ఉంది. 1729లో మొదలైన రుయినార్ అనే షాంపేన్ సంస్థ లెక్కల పుస్తకంలో 1764 నాటికే లేత గులాబీ షాంపేన్ పంపినట్టు నమోదై ఉంది. ఆ రోజుల్లో రంగు కోసం ఎల్డర్‌బెర్రీ పండ్లతో చేసిన ద్రవాన్ని కలిపేవారు. ఇరవై ఏడేళ్ల వయసులో భర్తను పోగొట్టుకుని, ఆయన షాంపేన్ వ్యాపారాన్ని (నేటి వవ్ క్లికో సంస్థ) తానే నడిపిన మదామ్ క్లికోకు అది నచ్చలేదు. బుజీ గ్రామంలోని తమ తోటల పినో న్వార్‌తో చేసిన ఎర్ర వైన్‌ను తెల్ల వైన్‌లో కలిపి 1818లో ఆమె గులాబీ షాంపేన్ తయారు చేసింది. కలయిక పద్ధతికి అదే ఆది అని చెబుతారు. బుడగలు లేని రోజే వైన్‌ను తెలుపు, ఎరుపు కలిపి చేయడానికి ఐరోపాలోని పేరున్న వైన్ ప్రాంతాల్లో అనుమతి లేదు. 2009లో సాధారణ రోజే వైన్‌కు ఆ అనుమతి ఇవ్వాలని ఐరోపా కమిషన్ ప్రతిపాదించినప్పుడు ఫ్రాన్సులో రోజే వైన్‌కు పేరుపడ్డ ప్రొవాన్స్ ప్రాంతపు రైతులు గట్టిగా ఎదురుతిరిగారు, కమిషన్ ఆ ప్రతిపాదనను విరమించుకుంది. కలపడమంటే ఏదో నాసిరకం పని అని కొందరు భావించడానికి ఈ నేపథ్యం ఒక కారణం కావచ్చు. షాంపేన్ విషయంలో ఆ భావనకు ఆధారం లేదు. చలి ఎక్కువగా ఉండే ఆ ప్రాంతంలో మంచి ఎర్ర వైన్ చేయడమే కష్టం. దాన్ని ఏటా ఒకే రంగు, ఒకే రుచి వచ్చేలా కలపడానికి ఎంతో నైపుణ్యం కావాలి. గులాబీ షాంపేన్ ధర అదే సంస్థ తెల్ల షాంపేన్ ధర కంటే ఎక్కువగా ఉండడానికి ఆ శ్రమ కూడా ఒక కారణం.

తాగేవాళ్లకు తెలిసే తేడా ఇది. కలయికతో చేసినది సాధారణంగా తేలికగా, చురుగ్గా ఉంటుంది. స్ట్రాబెర్రీ, నారింజ తొక్క వంటి వాసనలు పైపైన తేలుతూ ఉంటాయి. తొక్కలతో నానినదానిలో పండు రుచి చిక్కగా ఉండి, చివర కొంచెం వగరు నాలుక అంచులకు తగులుతుంది. మొదటిది ఖాళీ కడుపుతో, కబుర్లు మొదలయ్యే వేళకు తగినది. రెండోదానికి పక్కన మాంసం ఉండాలి. రెండో రకానికి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచి ఉదాహరణ లోరాన్ పెరియే వారి క్యువే రోజే. 1968లో మొదలైన ఈ షాంపేన్‌ను పూర్తిగా పినో న్వార్‌తోనే, తొక్కలను రెండు మూడు రోజులు నానబెట్టి చేస్తారు. మొదటి రకంలో నా మనసుకు దగ్గరైనది బిల్‌కార్ సాల్మోన్ వారి బ్రూట్ రోజే. అంత సున్నితమైన గులాబీ షాంపేన్ మరొకటి నేను తాగలేదు.

ఇక మన వంటల సంగతి. హైదరాబాదు వేడుకలో బిర్యానీ లేకపోవడం ఊహకందదు, అయినా బిర్యానీ వడ్డించే వేళకు షాంపేన్ పోయడం ఆపివేయాలన్నది నా గట్టి అభిప్రాయం. మిరప మంట నాలుక మీద ఉన్నప్పుడు ఆల్కహాలూ బుడగలూ రెండూ ఆ మంటను మరింత పెంచుతాయి. మిర్చీ కా సాలన్ తిన్న నోటికి ఎంత ఖరీదైన షాంపేన్ అయినా మంట, పులుపు తప్ప మరేమీ ఇవ్వలేదు. ఉప్పు, నూనె, నెయ్యి ఉన్న వంటకాల దగ్గర అదే షాంపేన్ అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే దాని పులుపూ బుడగలూ నోటిలోని జిడ్డును కడిగి తరువాతి ముద్దకు సిద్ధం చేస్తాయి. కైమా పెట్టి వేయించిన లుఖ్మీ, నేతిలో వేయించి ఉప్పు, మిరియాల పొడి చల్లిన జీడిపప్పు, కారం తగ్గించి చేసిన రొయ్యల వేపుడు, శాకాహారులకు జీడిపప్పు పకోడీ, ఇవి బ్రూట్ రోజేకు తగిన తోడు. షికంపురీ కబాబు, వేడి రాతి పలక మీద కాల్చిన పత్థర్ కా గోష్త్ వచ్చేసరికి తొక్కలతో నానిన రోజే కావాలి. కాలిన మాంసపు రుచి, ఆ కొద్దిపాటి వగరు ఒకదాన్నొకటి చక్కగా నిలబెడతాయి. వంటవారితో ముందే మాట్లాడి, మొదట వచ్చే చిరుతిళ్లలో పచ్చిమిర్చి తగ్గించమని అడగడం ఖరీదైన సీసా ఎంచుకోవడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. మా అక్క ఆ మాటకు వెంటనే ఒప్పుకుంది. బావగారు మాత్రం అపోలో ఫిష్ విషయంలో రాజీ పడేది లేదన్నారు, దాన్ని బిర్యానీ వరుసలోకి మార్చాం.

దుకాణంలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మామూలు వైన్ షాపుల్లో షాంపేన్ అరుదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, గచ్చిబౌలి వైపు ఉన్న పెద్ద దుకాణాల్లో చూడాలి, అక్కడ కూడా గులాబీ రకాలు కొద్దిగానే ఉంటాయి, ఎక్కువగా మోయెట్, వవ్ క్లికో పేర్లే కనిపిస్తాయి. గులాబీ షాంపేన్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. రంగు కనిపించాలని చాలా సంస్థలు దీన్ని పారదర్శకమైన గాజు సీసాలో నింపుతాయి. అటువంటి గాజు గుండా వెలుతురు నేరుగా వైన్‌ను తాకుతుంది, వైన్‌లోని విటమిన్ బి2 ఆ వెలుతురుకు స్పందించి గంధకపు వాసనలు పుట్టిస్తుంది, వైన్ ఉడికిన కాబేజీలా వాసన వేస్తుంది. ప్రదర్శన కోసం దీపాల కింద నెలల తరబడి నిలబెట్టిన సీసాను ఎంత అందంగా ఉన్నా తీసుకోకూడదు. అట్టపెట్టెలో ఉన్నదాన్ని, లోపలి గదిలో చల్లగా ఉంచినదాన్ని అడిగి తీసుకోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊరిలో ఏసీ రాత్రిపూట ఆపేసే దుకాణమా కాదా అని అడగడానికి కూడా మొహమాటపడనవసరం లేదు. కొన్ని సంస్థలు మడ్డి తీసిన తేదీని వెనుక చీటీ మీద ముద్రిస్తాయి. సంవత్సరం పేర్కొనని రోజే అయితే ఆ తేదీ గత ఏడాది రెండేళ్లలోపు ఉన్నదాన్ని నేను ఎంచుకుంటాను, ఎందుకంటే దాని అందమంతా తాజా పండు వాసనలోనే ఉంది.

ధర గురించి కూడా నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. విదేశీ వైన్ మీద మన దేశం చాలా ఏళ్లుగా 150 శాతం దిగుమతి సుంకం వేస్తూ వచ్చింది, దాని పైన రాష్ట్ర పన్నులు చేరతాయి. అందువల్ల విదేశాల నుంచి ఇంటికి వచ్చేవారెవరైనా ఉంటే వారిని అడగడం మంచిది; ఒక ప్రయాణికుడు రెండు లీటర్ల వరకు మద్యాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. లండన్ నుంచి వస్తున్న మా తమ్ముడికి లోరాన్ పెరియే రెండు సీసాలు తెమ్మని అప్పుడే చెప్పాను. ధర తగ్గించుకోవడానికి పేరు తెలియని చవక షాంపేన్ కొనడం కంటే నాసిక్ ప్రాంతంలో తయారయ్యే మంచి రోజే స్పార్క్లింగ్ (బుడగలుండే) వైన్ కొనడం మేలని నేను నమ్ముతున్నాను. షాందోన్ సంస్థ 2013 నుంచి అక్కడ బ్రూట్ రోజే తయారు చేస్తోంది. అక్కడి సులా సంస్థ వారి బ్రూట్ ట్రోపికాలే కూడా ఉంది. ఫ్రాన్సులోని ఆ ప్రాంతంలో పండినది కాదు కనుక వీటిని షాంపేన్ అనకూడదు, అయినా సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతి వీటిదీ అదే. ఇటలీ నుంచి వచ్చే ప్రొసెక్కో రోజేకు 2020 నుంచి అనుమతి ఉంది; అది పెద్ద తొట్టెలో పులుస్తుంది, సరళంగా, పండ్ల రుచితో ఉంటుంది, వేడుకకు తప్పేమీ లేదు.

ఎన్ని సీసాలు కావాలన్నది చిన్న లెక్క. ఒక సీసాకు 125 మిల్లీలీటర్ల గ్లాసులు ఆరు వస్తాయి. తాగేవారు ఇరవై మంది అనుకుంటే, తలా ఒక గ్లాసుకు నాలుగు సీసాలు సరిపోతాయి. అందరికీ సాయంత్రమంతా షాంపేనే పోయాలన్న పట్టుదల అవసరం లేదు. నాలుక తాజాగా ఉన్నప్పుడు తాగే మొదటి గ్లాసే మంచిదై ఉండాలి. మా ఏర్పాటు ఇలా కుదిరింది: అతిథులు రాగానే కలయికతో చేసిన బ్రూట్ రోజే నాలుగు సీసాలు, కబాబుల వేళకు తమ్ముడు తెచ్చే రెండు, ఆ తరువాత కావలసినవారికి నాసిక్ రోజే, భోజనాలయ్యాక కేకుతో పాటు చిన్న చిన్న గ్లాసుల్లో డెమీ సెక్ ఒకటి. కేకును భోజనాల తరువాతకు జరపడానికి పిల్లల్ని ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. తాగని పెద్దలకూ, పిల్లలకూ అవే గ్లాసుల్లో దానిమ్మ రసంలో సోడా కలిపి ఇస్తాం. శుభాకాంక్షలు చెప్పి గ్లాసులు ఎత్తే సమయంలో మా అత్తయ్యగారి చేతిలో స్టీలు గ్లాసు, నా చేతిలో గాజు గ్లాసు ఉండడం నాకు ఇష్టం లేదు.

ఫంక్షన్ హాలులో చేసుకునేవారు ఆబ్కారీ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవలసి ఉంటుంది. తెలంగాణలో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్లు. కాలేజీలో చదివే పిల్లలున్న ఇళ్లలో ఇది మరిచిపోకూడదు.

చల్లబరచడం, తెరవడం కూడా ఎంపికలో భాగమే. గులాబీ షాంపేన్‌ను 8 నుంచి 10 డిగ్రీల మధ్య వడ్డించాలి. కబాబులతో తాగేదాన్ని ఇంకొంచెం తక్కువ చల్లగా ఇచ్చినా మంచిదే, దాని వాసనలు విచ్చుకుంటాయి. బకెట్‌లో మంచు ముక్కలు ఒక్కటే వేస్తే సరిపోదు, సగం నీళ్లు కూడా పోస్తే అరగంటలో సీసా అంతా సమంగా చల్లబడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గ్లాసులను సబ్బు వాసన లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఎందుకంటే సబ్బు జిడ్డు నురుగును చంపేస్తుంది. సన్నటి పొడుగాటి గ్లాసు కంటే నడుమ కొంచెం వెడల్పుగా ఉన్నదానిలో గులాబీ షాంపేన్ వాసన బాగా తెలుస్తుంది. సీసా లోపలి పీడనం ఐదారు అట్మాస్ఫియర్ల దాకా, అంటే కారు టైరులోని గాలికి రెండు మూడు రెట్లు, ఉంటుంది కనుక సీసాను ఊపి మనుషుల మీద చిమ్మడం నేను ఎక్కడా ఒప్పుకోను. వైన్ వృథా కావడం ఒకటి, బిరడా తగిలి కన్ను పోయే ప్రమాదం మరొకటి. బిరడా మీద బొటనవేలు ఉంచి, తీగ ముడిని ఆరు అర చుట్లు తిప్పి వదులు చేసి, సీసాను ఏటవాలుగా ఎవరూ లేని వైపుకు పట్టుకుని, బిరడాను కదలనివ్వకుండా సీసాను నెమ్మదిగా తిప్పాలి. ప్రతి గ్లాసులో ముందు కొద్దిగా పోసి, నురుగు అణగిన తరువాత మూడింట రెండు వంతుల వరకు నింపాలి.